దూరపు నగరములు – దగ్గరి లెక్కలు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులు మునుపు పై చదువులను గూర్చి అడిగెడివారు. ఇప్పుడు మరియొక ప్రశ్న కూడ అడుగుచున్నారు. "మాస్టారూ, మా వాణ్ణి దుబాయి పంపమంటారా, సింగపూరు పంపమంటారా? ఎక్కడ ఖర్చు తక్కువండీ?" అని. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. కాని సమాధానము కనుగొను మార్గము కలదు. దానిని నాకు తెలిసినంతవరకు మీ ముందుంచెదను.

ప్రపంచ నగరములలో జీవన వ్యయమును పోల్చి ఏటేట పట్టికలు ప్రకటించు సంస్థలు కలవు. మెర్సర్ అను సంస్థ 2024వ సంవత్సరమున 226 నగరములను పోల్చి చూచినది. అందు అన్నిటికంటె ప్రియమైనది హాంగ్‌కాంగు. రెండవది సింగపూరు. దుబాయి 15వ స్థానమున, ముంబాయి 136వ స్థానమున, మన హైదరాబాదు 202వ స్థానమున నిలిచినవి. ఈ అంకెలను చూచి "హాంగ్‌కాంగు వద్దు, హైదరాబాదే మేలు" అని తీర్పు చెప్పుట తొందరపాటగును. ఏలయన, ఆ పట్టికలు మనకొరకు తయారైనవి కావు. పెద్ద కంపెనీలు తమ అధికారులను పరదేశములకు పంపునపుడు వారికెంత భత్యమీయవలెనో తేల్చుకొనుటకై, న్యూయార్కు నగరమును కొలబద్దగా పెట్టుకొని, ఇంటి అద్దె మొదలుకొని కాఫీ వరకు ధరలు సేకరించి వానిని కూర్చుదురు. జయకయపురము కాగితపు మిల్లులో, సునాబెడ కర్మాగారములో, దామన్‌జోడిలో పనిచేయు మన కుటుంబముల బిడ్డ వెల్డరుగానో, ఫిట్టరుగానో, గుమాస్తాగానో పరదేశము వెళ్లినచో అతడు కొను వస్తువులు వేరు, ఉండు గది వేరు.

కనుక మొదట గ్రహింపవలసినది ఇది. ఒక నగరమునకు ఒకే ధర లేదు. ఏ మెట్టుమీద నిలిచి చూచిన ఆ మెట్టునకు తగిన ధర కనబడును.

ఒక ఊహాలెక్క చెప్పెదను. ఈ అంకెలు వివరణకై నేను కల్పించినవి. దుబాయిలో ఇద్దరు మనవారు ఉన్నారనుకొందము. మొదటివాడు వెల్డరు. జీతము నెలకు 2,000 దిర్హములు. బస కంపెనీయే ఇచ్చును. తిండికి 500, ఫోనుకు, చిల్లర ఖర్చులకు 200 పోగా 1,300 దిర్హములు మిగులును. రెండవవాడు లెక్కల గుమాస్తా. జీతము 7,000 దిర్హములు. అతడు భార్యను, ఇద్దరు బిడ్డలను తన యొద్దకు తెచ్చుకొనెను. ఇంటి అద్దె 4,000, బిడ్డల బడి రుసుము 1,500, తిండికి, విద్యుత్తునకు 1,500. చేతిలో మిగిలినది సున్న. చూచితిరా? తక్కువ జీతగాడు ఇంటికి డబ్బు పంపుచున్నాడు. ఎక్కువ జీతగాడు పంపలేకున్నాడు. ఐనను రెండవవాడు సాయంకాలము తన బిడ్డలతో కూర్చుండి భోజనము చేయుచున్నాడు. మొదటివాడు ఫోను తెరమీద వారిని చూచుచున్నాడు. వీరిలో ఎవనికి నగరము ప్రియమైనది, ఎవనికి చవుకైనది? ఆ లెక్కను పట్టికలు చెప్పజాలవు. ఇంటివారే వేసుకొనవలెను.

ఇక ఒక్కొక్క నగరము స్వభావమును చూతము.

దుబాయిలో జీతముపై ఆదాయపు పన్ను లేదు. ఇది గొప్ప ఆకర్షణ. కాని 2018వ సంవత్సరము జనవరి 1వ తేదీ నుండి వస్తువులపై నూటికి 5 వంతుల పన్ను వచ్చినది. ఇంటి అద్దె ఒప్పందము ఏడాదికి వ్రాసికొనుట, ముందు తేదీలు వేసిన చెక్కులు ఇచ్చుట అచటి ఆచారము. పైగా ఏడాది అద్దెలో నూటికి 5 వంతులు గృహ రుసుమై నీటి, విద్యుత్తుల బిల్లుతో కలిసి వచ్చును. ఎండకాలమున జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర నుండి మూడు గంటల వరకు ఎండలో పని చేయింపరాదని ప్రభుత్వపు నిబంధన కలదు. ఆ ఎండ ఎట్టిదో ఆ నిబంధనయే చెప్పుచున్నది. ఉద్యోగము విడుచునపుడు సేవా బహుమానమను మొత్తము ముట్టును. మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినముల మూలవేతనము, అటుపై ఏడాదికి 30 దినముల మూలవేతనము చొప్పున కట్టుదురు. మూలవేతనము తక్కువగా, భత్యములు ఎక్కువగా వ్రాసిన ఒప్పందములో ఈ మొత్తము చిక్కిపోవును. సంతకమునకు ముందు చూడవలసినదిదియే.

సింగపూరు శుభ్రతకు, క్రమశిక్షణకు పేరుపడిన నగరము. అచట భోజనము మనమనుకొన్నంత ప్రియము కాదు. హాకర్ సెంటర్లు అను సామూహిక భోజనశాలలలో సామాన్యుడు కడుపునిండ తినగలడు. ఆ భోజనశాలల సంస్కృతిని 2020వ సంవత్సరమున యునెస్కో తన వారసత్వ పట్టికలో చేర్చినది. బస్సులు, రైళ్లు చక్కగా నడచును. ప్రియమైనవి ఇల్లు, కారు. కారు కొనుటకు ముందు దానిని పదేండ్లు నడుపుకొను హక్కు పత్రమును వేలములో కొనవలెను. 2023వ సంవత్సరమున ఆ పత్రము ధరయే లక్ష సింగపూరు డాలర్లు దాటినది. కారు లేకున్న ఆ ఊర లోటు లేదు. కాని ఇల్లు లేక గడవదు గదా! ఓడల మరమ్మతు కేంద్రములలో, కట్టడపు పనులలో వర్క్ పర్మిట్ మీద పోవువారు వసతిగృహములలో పలువురితో కలిసి ఉందురు. వారికి భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోవు వీలు లేదు. పై మెట్టు ఉద్యోగులకు సైతము నెలజీతము 6,000 డాలర్లకు తగ్గకున్ననే ఆ వీలు.

కౌలాలంపూరులో ఇంటి అద్దెలు సింగపూరుకంటె చాల తక్కువ. మలేషియాలో మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. పూర్వము రబ్బరు తోటలకు పోయినవారి సంతతి అది. వారు 1955వ సంవత్సరమునుండి తమ సంఘమును నడుపుకొనుచున్నారు. అచట పన్ను విషయమున ఒక మెలిక కలదు. ఏడాదిలో 182 దినములకు తక్కువగా ఉన్నవానిని ప్రవాసిగా లెక్కించి, జీతముపై నూటికి 30 వంతుల పన్ను పట్టుదురు. ఏడాది నడుమ పోయి చేరువారు దీనిని ముందే తెలిసికొనవలెను.

హాంగ్‌కాంగులో పన్ను తక్కువ, చోటు మరింత తక్కువ. ఒక్క ఇంటిని పలు గదులుగా విడగొట్టి, మంచము పట్టు గదులను అద్దెకిచ్చు ఊరు అది. మన రాయగడలో పెరటిలో కరివేపాకు చెట్టు పెంచుకొని బ్రతికిన కుటుంబము ఆ గదులలో ఇముడుట కష్టము.

ధరలు ఇట్లుండగా, మరి రెండు విషయములను పట్టికలు విడిచిపెట్టుచున్నవి. అవి మనబోటి భాషాల్పసంఖ్యాకులకు ముఖ్యమైనవి.

మొదటిది, ఆ నేలమీద మన హక్కు. మన పూర్వులు ఇట్టి ప్రయాణములు ఎరుగనివారు కారు. ఈ కొరాపుటు ప్రాంతము 1936వ సంవత్సరము వరకు విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆ జిల్లానుండియు, గోదావరి, గంజాము జిల్లాలనుండియు వేలకొలది జనులు ఓడలెక్కి రంగూనునకు పోయిరి. కోరంగి రేవునుబట్టి తెలుగువారిని అచట కోరంగీలనిరి. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో రంగూను జనులలో సగమునకు మించి భారతీయులే. ఓడరేవులో బరువులు మోయుటకు, ధాన్యపు మిల్లులకు, రిక్షాలకు మనవారే ఆధారము. ఐనను 1930లో అల్లర్లు చెలరేగినవి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడినవి. 1942లో లక్షలమంది అడవుల దారిని కాలినడకను స్వదేశము చేర యత్నించిరి. మార్గమధ్యముననే ప్రాణములు విడిచినవారెందరో. తరువాత అచట మిగిలినవారికి 1964లో మరియొక దెబ్బ తగిలినది. దుకాణములు ప్రభుత్వపరమైనవి. ఆ ఏడు మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవనిరి. కూడబెట్టినదంతయు అచటనే ఉంచినవారు వట్టి చేతులతో తిరిగి వచ్చిరి.

నేటి దుబాయి, నాటి రంగూను ఒక్కటని నా అభిప్రాయము కాదు. కాని నేటికిని గల్ఫులో నివాసపు అనుమతి ఉద్యోగమును అంటిపెట్టుకొని ఉండును. ఉద్యోగము పోయిన కొలది కాలములో ఊరు విడువవలెను. కనుక సంపాదన అచట, పొదుపు ఇచట అను నియమము మనకు శ్రేయస్కరము.

రెండవది, బిడ్డల భాష. సింగపూరు పాఠశాలలలో ప్రతి విద్యార్థియు ఇంగ్లీషుతో పాటు ఒక మాతృభాషను చదువును. చైనా, మలయ, తమిళ భాషలు అందు ముఖ్యములు. వానికి తోడు హిందీ, వంగ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ భాషలకు స్థానము దొరికినది. తెలుగునకు దొరకలేదు. అచటి తెలుగు సమాజము 1975వ సంవత్సరమునుండి పని చేయుచున్నది. ఐనను మన బిడ్డ బడిలో మరియొక భాషనే ఎంచుకొనవలెను. తెలుగును ఇంటనే నేర్వవలెను. ఇచటనో, భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కును మన రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కు బలముననే ఈ బడి నిలిచినది. ఒడియా నేలమీద ఒడియాను గౌరవించి నేర్చుచు, ఇంట తెలుగు నిలుపుకొన్న కుటుంబములకు పరాయి ఊర బ్రతుకు క్రొత్త కాదు. మన బిడ్డలకు నాలుగు భాషలు వచ్చుట ఏ నగరమునకు పోయినను పనికివచ్చు మూలధనము.

ఇంకొక మాట. ఉపాధ్యాయుడనగుటచే దీనిని చెప్పక తప్పదు. కొందరు బిడ్డల ప్రగతిపత్రములపై తండ్రి సంతకము చేయవలసిన చోట ఏండ్ల తరబడి తాతగారి సంతకమే కనబడుచున్నది. ఆ తండ్రులు పంపు డబ్బుతోనే ఇల్లు నిలిచినది, అప్పు తీరినది, చెల్లెలి పెండ్లి జరిగినది. వారిని తప్పుపట్టువాడను కాను. కాని ఆ ఏండ్లు కూడ వ్యయమే. లెక్కలో దానికొక పంక్తి ఉండవలెను. ఎన్నేండ్లకు తిరిగి రావలెనో వెళ్లుటకు ముందే ఇంటిల్లిపాది కూర్చుండి నిర్ణయించుకొనుట మంచిది. అటులనే హైదరాబాదు, విశాఖ, భువనేశ్వరములలో దొరకు తక్కువ జీతమును కూడ అదే కాగితముపై ప్రక్కన వ్రాసి చూడవలెను. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరక చెప్పలేదు.

చివరకు, పంపదలచినవారికి కొన్ని ఆచరణ సూచనలు. బిడ్డ పదవ తరగతి ఉత్తీర్ణుడు కానిచో అతని పాస్‌పోర్టు ప్రవాస పరిశీలన అవసరమైనదిగా ఉండును. అట్టివాడు దుబాయి, మలేషియాలతో సహా 18 దేశములకు ఉద్యోగమునకై పోవలెనన్న ప్రవాసుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. సింగపూరు ఆ పట్టికలో లేదు. అట్టివారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ బీమా కూడ విధిగా ఉన్నది. రెండేండ్లకు దాని రుసుము 275 రూపాయలు మాత్రమే. పదవ తరగతి గట్టెక్కినవానికి ఈ అడ్డు తొలగును. కావున తొమ్మిదిలోనే చదువు మాన్పింపదలచిన తల్లిదండ్రులు ఒక్క ఏడాది ఓర్చుకొనవలెనని నా ప్రార్థన.

ప్రభుత్వమువారి యొద్ద నమోదైన ఏజెంటు ఉద్యోగార్థి నుండి తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నునకును మించరాదు. లక్షలు అడుగువాని మాట నమ్మి భూమిని తాకట్టు పెట్టవలదు. సందర్శక వీసాపై పంపి, అచట ఉద్యోగపు వీసాగా మార్పింతునను మాటను అసలే నమ్మవలదు.

కాగితము పుచ్చుకొని ఐదు పంక్తులు వ్రాయుడు. చేతికి వచ్చు జీతమెంత? బస, తిండి ఎవరివి? నెలకు మిగులునదెంత? భార్యాబిడ్డలు వెంట పోవచ్చునా? ఎన్నేండ్లకు తిరుగు ప్రయాణము? ఈ ఐదింటికి సమాధానము వ్రాయగలిగిననాడు ఏ నగరము మేలో ఆ కాగితమే చెప్పును. ఒప్పందము ఇంగ్లీషులో ఉండి అర్థము కానిచో దానిని బడికి తెండు. మా ఉపాధ్యాయులు కూర్చుండి పంక్తి పంక్తి చదివి తెలుగున చెప్పుదురు. సెలవుదినములలోను ఆ పనికి బడి తలుపులు తెరచియుండును.