చెరువులున్న ఊరికి ఈత కావాలి

 

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పండింది, బోధన్ శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ నడిచింది. మనలో ఎందరి ఫీజులో ఆ చెరకు బిల్లుల నుంచే వచ్చాయి. నీళ్లను పొలానికి వాడుకున్నాం గానీ ఆటకు వాడుకోలేదు. అలీసాగర్‌కో అశోక్‌సాగర్‌కో పోయి, పడవలో ఒక చుట్టు తిరిగి, ఫొటో దిగి వస్తాం.

రోయింగ్ మనకు అందని ఆట కాదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో జాతీయ పోటీలు జరిగాయి. నాసిక్ జిల్లాలో కరువు ఊరి నుంచి వచ్చి, బావులు తవ్విన దత్తు భోకనల్ సైన్యంలో చేరాక తెడ్డు పట్టాడు. 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

పోటీకి 2000 మీటర్ల తిన్నని నీటి దారి కావాలి. నేర్చుకోవడానికి అంత అక్కర్లేదు. ముందు ఈత రావాలి, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి, ఒడ్డున కనిపెట్టుకుని ఉండే పెద్దలుండాలి. ఏటా ఎండాకాలం చెరువుల్లో, కాలువల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదివి అయ్యో అనుకుంటున్నాం. క్లబ్బు పెడితే మెడల్ వచ్చినా రాకున్నా పిల్లలు మనకు దక్కుతారు.

స్వర్ణోత్సవం గుర్తుగా బడికి ఏం కట్టిద్దామని అడుగుతున్నారు. ఈ సెలవుల్లో మన బడి పిల్లలకు ఈత నేర్పించే ఖర్చు సంఘం పెట్టుకోవాలని నా మనవి. పడవల సంగతి, అనుమతుల సంగతి ఆ తర్వాత చూద్దాం. ఈత వచ్చి, నేర్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఇప్పుడే పేర్లు ఇవ్వండి.