కరగు ద్రవ్యములలో దాగు వేడిమి



మంచుగడ్డలున్న పాత్రను పొయ్యిమీద నుంచి, మెల్లగా కలియబెట్టుచు, అందు ఉష్ణమాపకమును ముంచినయెడల నొక వింత కాననగును. క్రింద నిప్పు మండుచున్నను, గడ్డలన్నియు కరగువఱకు మాపకము సున్న డిగ్రీయొద్దనే నిలిచియుండును. ఒక గ్రాము మంచు కరగుటకే సుమారు 80 కేలరీల వేడిమి వ్యయమగును. అది నశింపదు, నీటియందు దాగియుండి, నీరు మరల గడ్డకట్టునప్పుడు వెలువడును. స్కాట్లండు దేశపు జోసెఫ్ బ్లాక్ పండితుడు 18వ శతాబ్దమున దీనిని కనుగొనెను. దీనినే గుప్తోష్ణమందురు.

ఈ ధర్మము నాధారము చేసికొని 1948వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, డోవరు అను ఊర నొక యిల్లు కట్టిరి. దానిని వెచ్చగా నుంచు విధానమును మరియా టెల్కెస్ అను శాస్త్రజ్ఞురాలు కల్పించెను. సుమారు 32 డిగ్రీలయొద్ద కరగు గ్లాబరు లవణమును డబ్బాలలో నింపి యింటిలో నమర్చిరి. పగలు ఎండచే వేడెక్కిన గాలి దానిని కరగించును. రాత్రి యది గడ్డకట్టుచు ఇంటికి వెచ్చదన మిచ్చును. మొదట పని సాగినది. కాని కొన్ని శీతకాలములు గడచునప్పటికి లవణము పొరలుగా విడిపోయి, వేడిమిని దాచు శక్తి క్షీణించెను. తుదకు ఆ యింటికి మామూలు కొలిమియే దిక్కయ్యెను.

ఇందలి చిక్కును గమనింపుడు. గాదెలో ధాన్యమెంత మిగిలినదో తొంగిచూచిన తెలియును. ఈ వేడిమి గాదె సగము నిండినను, పాతిక నిండినను, మాపకము 32 అనియే చెప్పును. కావున నేటి నిర్మాతలు ఒక్క మాపకమును నమ్మరు. పాత్ర యడుగున, నడుమ, పైన వేఱువేఱుగా సెన్సర్ల నమర్చి, ఏ భాగము కరగెనో గుర్తింతురు. కరగునప్పుడు ద్రవ్యపు పరిమాణము మారును గనుక మట్టమును గూడ చూతురు. లోనికి పోయిన వేడిమిని, వెలికి వచ్చిన వేడిమిని కొలిచి జమాఖర్చు వ్రాయుదురు. జమయైనది నానాటికి తగ్గి తిరిగివచ్చుచున్నచో, ద్రవ్యము చెడుచున్నదని ముందే తెలియును.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన గ్రామములకు టీకామందు తెచ్చు పెట్టెలోని ఐసు ప్యాకులదియు నిదే ధర్మము. శీతలయంత్రమునుండి తీసిన వెంటనే వానిని పెట్టెలో నుంచినచో, అతిశీతలముచే కొన్ని మందులు గడ్డకట్టి చెడిపోవును. అందుచే ఆరోగ్యకార్యకర్త ప్యాకును కొంతసేపు బయట నుంచి, చెవియొద్ద నూపి, లోన నీరు కదలు చప్పుడు విన్న పిమ్మటనే పెట్టెలో నుంచవలెను. అచ్చట ఆ చెవియే సెన్సరు. ఆ చప్పుడు వినకున్న, బిడ్డకు వేసిన టీకా వ్యర్థము కావచ్చును.

కావున వేడిమినిగాని, చలువనుగాని నిలువచేయువాడు, దానిని కొలుచు మార్గమును ముందుగా నేర్పరచుకొనవలెను.