మెడలో వేలాడేదే మంచి బైనాక్యులర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

స్వర్ణోత్సవానికి బడికి ఏమిద్దామని మన సంఘం అడిగినప్పుడు, పిల్లలకు పక్షులు చూపించడానికి బైనాక్యులర్లు ఇద్దామన్నాను. "అయితే ఏవి కొనాలో నువ్వే చూసి చెప్పు" అని కమిటీ ఆ పని నా మెడకే తగిలించింది. ఆ లెక్క అప్పజెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక పాత సంగతి ఒప్పుకోవాలి. 1988లో మన జిల్లాలోని రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే మా సైన్సు సారు మమ్మల్ని బస్సులో అక్కడికి తీసుకుపోయారు. గడ్డి బీడు వైపు వేలు చూపించి "అదిగో బట్టమేక పిట్ట" అన్నారు. మీటరు ఎత్తుండే పక్షి అది. అందరూ "కనబడింది సార్" అన్నారు. నేనూ అన్నాను. నిజానికి నాకు కనబడింది ఎండలో అల్లాడుతున్న ఒక గోధుమరంగు చుక్క. ఉన్న ఒక్క బైనాక్యులర్ అందరి చేతులూ మారి నా దగ్గరికి వచ్చేసరికి పిట్ట గడ్డిలోకి పోయింది. ఇంకోసారి చూద్దాంలే అనుకున్నాను. ఆ ఇంకోసారి రాలేదు. ఇప్పుడు రోళ్లపాడుకు పోతే కృష్ణజింకలు కనిపిస్తాయి కానీ బట్టమేక కనిపించదు. సార్, మీరు ముందు వరసలోనే ఉన్నారు. ఆ రోజు అబద్ధం చెప్పాను, క్షమించండి.

ఉద్యోగం వచ్చాక ఆ కసితో పట్నంలో ఒక బైనాక్యులర్ కొన్నాను. డబ్బా మీద 20×50 అని ఉంది. పెద్ద అంకె ఉంటే పెద్దగా కనిపిస్తుందని మురిసిపోయాను. అది నా చేతి వణుకును కూడా ఇరవై రెట్లు చేసింది. రెండుసార్లు వాడి అటక మీద పెట్టేశాను.

అందుకే ఈసారి డబ్బా చూసి నమ్మలేదు. మిత్రుల దగ్గర 8×25, 10×25, 8×42 మూడూ అడిగి తెచ్చుకుని గాజులదిన్నె చెరువు కట్ట మీద, మన ఊరి జొన్న చేల గట్ల మీద మూడు రోజులు చూశాను. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుతురు వలయం వెడల్పు వస్తుంది. 8×25కు అది 3 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, 10×25కు రెండున్నర, 8×42కు ఐదు పైన.

పొద్దున ఎనిమిదింటికి మూడింటికీ పెద్ద తేడా లేదు. మంచి వెలుతురులో మన కంటిపాపే రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, అంతకంటే ఎక్కువ వెలుతురు ఇచ్చినా తీసుకోదు. తేడా తెలిసింది పొద్దు గూకేటప్పుడు. గట్టు మీద తీతువు నిలబడింది. దాని కంటి ముందు వేలాడే తోలు ఎర్రదా, పసుపుదా? అదే రెండు రకాల తీతువులకూ తేడా. 8×42లో పసుపని తేలిపోయింది. 8×25లో అనుమానం మిగిలింది. 10×25లో నల్లటి నీడే. మధ్యాహ్నం మాత్రం ఏదీ పనికిరాలేదు. నేల నుంచి లేచే వేడి సెగను అద్దాలు ఇంకా పెద్దది చేసి చూపిస్తాయి. మన ఎండలో పక్షుల్ని చూసే వేళ పొద్దునా సాయంత్రమే.

అయితే ఇంకో పరీక్ష ఉంది. మా తొమ్మిదేళ్ల మనవరాలికి ఇచ్చాను. పెద్దదాన్ని ఎంత మడిచినా రెండు గొట్టాలూ దాని కళ్ల మధ్య దూరానికి దగ్గరపడలేదు. బరువుకు చేతులు దించేసింది. చిన్నది చక్కగా మడుచుకుని కళ్లకు సరిపోయింది. మూడు వందల గ్రాముల వస్తువు కాబట్టి సాయంత్రం దాకా మెడలోంచి తియ్యలేదు. కరెంటు తీగ మీది పాలపిట్ట ఎగిరినప్పుడు రెక్కల నీలం చూసి అది వేసిన కేక నాకింకా వినబడుతోంది.

కాబట్టి నా సలహా ఇది: పిల్లలకు 8×25వి పది, సాయంత్రాలకు సారు చేతిలో ఉండేలా 8×42వి రెండు. 10×25 వద్దు. కొనేటప్పుడు నాలుగు చూడండి. దుకాణం బయటికి తెచ్చి నీడలో ఉన్న బోర్డు చదవండి. రెండు కళ్లతో చూస్తే ఒకే గుండ్రటి బొమ్మ రావాలి, రెండుగా విడిపోతే పక్కన పెట్టండి. కళ్లద్దాలున్నవాళ్లు అద్దాలతోనే చూడాలి, అంచులు నల్లబడకూడదు. ఎర్రగా మెరిసే అద్దాలకు మోసపోవద్దు.

చివరగా హెడ్మాస్టరు గారికి ఒక మనవి. వీటిని బీరువాలో పెట్టి తాళం వేయించకండి. శనివారం రిజిస్టరులో పేరు రాయించుకుని ఇంటికి పంపండి. ఒకటి కింద పడొచ్చు, ఒకటి పగలొచ్చు. కొనిస్తాం, ఆ పూచీ మా బ్యాచ్‌ది. కానీ "కనబడింది సార్" అని ఏ పిల్లాడూ అబద్ధం చెప్పే అవసరం మన బడిలో ఇక రాకూడదు.