మూడో రోజు: మన భూగోళ సదస్సుల కథ



మన భూగోళం మాస్టారి స్మారకంగా ఏర్పాటైన ఈ ఉపన్యాసాన్ని నాకు అప్పగిస్తూ, విషయాన్ని నా ఇష్టానికే వదిలేశారు నిర్వాహకులు. మాస్టారు ఏ సదస్సుకు వెళ్లినా మొదటి రెండు రోజులూ వెనక వరసలో కూర్చుని పత్రాలన్నీ ఓపిగ్గా వినేవారు. మూడో రోజు క్షేత్ర పర్యటన. ఆ రోజు బస్సులో డ్రైవరు పక్క సీటు మాత్రం వైస్ చాన్సలర్ వచ్చినా వదిలేవారు కాదు. అందుకని ఈ సదస్సుల చరిత్రను ఆ సీట్లోంచి చూసి చెబుతాను.

ప్రపంచ భూగోళ మహాసభలు 1871లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో మొదలయ్యాయి. ఆసియాకు రావడానికి వాటికి దాదాపు వందేళ్లు పట్టింది. 1968లో ఢిల్లీలో జరిగిన మహాసభకు మన ఎస్.పి. ఛటర్జీ అధ్యక్షులు. అది పెద్దల కథ. మన దక్షిణాది కథ బడిపంతుళ్లది.

దానికి ముందు ఒక ముచ్చట. 1914లో స్కాట్లండుకు చెందిన పాట్రిక్ గెడ్డిస్ నగరాల మీద తను కూడబెట్టిన పటాలు, చిత్రాలు, నమూనాలతో మద్రాసులో ప్రదర్శన పెట్టాలనుకున్నాడు. సామగ్రంతా క్లాన్ గ్రాంట్ అనే ఓడలో వస్తోంది. ఆ సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఎండెన్ నౌకే అక్టోబరులో ఆ ఓడనూ ముంచేసింది. గెడ్డిస్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. స్నేహితులు మళ్లీ పోగుచేసి పంపిన వాటితో 1915 జనవరిలో మద్రాసులోనే ప్రదర్శన తెరిచాడు. ఊరిని చదవాలంటే ముందు ఊళ్లో నడవాలి, నేలనూ పనినీ మనుషులనూ కలిపి చూడాలి అన్నది ఆయన పట్టు. ప్రాంతీయ సర్వే అనే ఆలోచన ఈ గడ్డ మీదికి వచ్చిన దారుల్లో అదొకటి.

1926లో మద్రాసు జియొగ్రాఫికల్ అసోసియేషన్ పుట్టింది. సైదాపేట టీచర్స్ కాలేజీలో భూగోళం చెప్పే ఎన్. సుబ్రహ్మణ్యం దానికి ప్రాణం. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. బళ్లో భూగోళమంటే అఖాతాల పేర్లూ రాజధానుల పేర్లూ వల్లె వేయించడమే. పిల్లవాడికి థేమ్స్ తెలుసు, ఊరి చెరువులోకి నీళ్లు ఏ వైపు నుంచి వస్తాయో తెలియదు. ఈ చదువును బాగుచేయాలన్న తపనే ఆ పంతుళ్లను ఒకచోట కూర్చింది. సంఘం పెట్టిన ఏడాదే పత్రికా మొదలైంది. 1941లో సంఘం ఇండియన్ జియొగ్రాఫికల్ సొసైటీ అయింది, పత్రిక ఇండియన్ జియొగ్రాఫికల్ జర్నల్ అయింది. స్థాయి పెరిగింది, కాదనను. కానీ యూనివర్సిటీ శాఖలు బలపడే కొద్దీ హైస్కూలు మాస్టారు ముందు వరస నుంచి వెనక్కీ, అక్కడి నుంచి బయటికీ జరిగిపోయాడు. మన శాస్త్రానికి జరిగిన అతి పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం. ఇందులో మనందరికీ వాటా ఉంది.

లాభాలూ తక్కువేం కావు. మన తెలుగువారు వి.ఎల్.ఎస్. ప్రకాశరావు ప్రాంతీయ ప్రణాళికను దేశమంతటికీ పరిచయం చేసినవారిలో ముందువరసలో నిలిచారు. ఉస్మానియాలో షా మంజూర్ ఆలం జంటనగరాల మీద రాసిన పుస్తకం 1965లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రణాళికా అట్లాసు 1974 నాటిది. 1979లో భారత జాతీయ కార్టోగ్రాఫిక్ సంఘం హైదరాబాదులోనే ఏర్పడింది. ఉప్పల్లో సర్వే శిక్షణ సంస్థ, బాలానగర్లో రిమోట్ సెన్సింగ్ కేంద్రం. పటాలు గీసే వాళ్లకు హైదరాబాదు పుట్టిల్లయింది.

ఇంత పుట్టిల్లున్నా ఇంట్లో పటం లేదు! కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. తీరం నుంచీ సరిహద్దుల నుంచీ సుమారు 80 కిలోమీటర్ల లోపలి సర్వే పటాలు, అంటే టోపోషీట్లు, చాలా ఏళ్లు ఆంక్షల్లో ఉండేవి. హైదరాబాదు కుర్రవాడు తన ఊరి 56కె షీటు కొనుక్కుని హాయిగా థీసిస్ రాసుకునేవాడు. బందరు కుర్రవాడికి సొంత ఊరి షీటు కావాలంటే శాఖాధిపతి ఉత్తరం, పూచీకత్తు, ఆపైన ఎదురుచూపు. చేతికొచ్చాక కూడా బీరువాలో పెట్టి తాళం వేయాలి. డెల్టా మీద పత్రం చదివేవాడు తన పటంలో కాంటూరు గీతలు తీసేసి, కాలవలూ రోడ్లూ మాత్రం గీసి గోడకు తగిలించేవాడు. ఎత్తుపల్లాలు లేని పటంతో వరదల గురించి మాట్లాడటం ఎలా ఉంటుందో ఊహించండి. 2005 జాతీయ పటాల విధానం పౌరులకు వేరే షీట్లు ఇచ్చింది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో గేట్లు ఇంకాస్త తెరుచుకున్నాయి.

పటం దొరికే వేళకు నడిచేవాళ్లు తగ్గారు. 2010 యూజీసీ నిబంధనల్లో అధ్యాపకుల పనితీరుకు ఏపీఐ మార్కులొచ్చాయి. సదస్సులో పత్రం చదివితే ఇన్ని పాయింట్లని లెక్క కట్టారు. సమాంతర సమావేశాలు పెరిగాయి, ఒక్కో పత్రానికి దక్కే నిమిషాలు తగ్గాయి. శాలువా, మెమెంటో, సర్టిఫికెట్ ముట్టగానే సాయంత్రం రైలుకు హాలు సగం ఖాళీ. మూడో రోజు బస్సు గుడికీ బీచికీ పోవడం మొదలైంది. గుడికి వెళ్లొద్దనను, కానీ దాన్ని క్షేత్ర పర్యటన అని ఆహ్వానపత్రంలో వేయకండి.

మనం కూర్చున్న బెజవాడనే తీసుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ఆ నీరు చివరికి చేరేది కొల్లేరుకు. తమ్మిలేరూ అక్కడికే. కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు. కొల్లేరులో ఐదడుగుల కాంటూరు దాకా 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించారు. 2008లో అభయారణ్యాన్ని మూడడుగుల కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. మనం తరగతిలో బల్ల మీద ఇసుక పోసి చెప్పే కాంటూరు అక్కడ ఎవరి చెరువు ఉండాలో, ఎవరిది పోవాలో తేల్చే గీత. లంక గ్రామాల్లో పెద్దగా చదువుకోని రైతు కూడా తన గట్టు ఎన్నో కాంటూరులో ఉందో ఠక్కున చెబుతాడు. అతనికి వేదిక మీద పదిహేను నిమిషాలిస్తే మనం చాలా నేర్చుకుంటాం.

కార్యవర్గం ఈ సాయంత్రం సమావేశమవుతోంది కాబట్టి అడుగుతున్నాను. వచ్చే ఏటి మూడో రోజు బస్సును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఎక్కించండి. మళ్లింపు కాలవ కృష్ణ వైపు ఎక్కడ విడిపోతోందో చూపించి, సింగ్ నగర్లో దింపి, వీధుల్లో నడిపించండి. వరద గుర్తులు గోడల మీద ఇంకా మిగిలివుంటే పిల్లలచేత టేపుతో కొలిపించండి. అక్కడి నుంచి కొల్లేరు లంకలకు వెళ్లండి. దారిలో తగిలే ప్రతి మండలం నుంచీ ఒక సాంఘికశాస్త్రం టీచరును పిలవండి, రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోకండి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 33 ఉన్నాయి. పాత జిల్లాల గెజెటీర్లలో ఈ కొత్త హద్దులుండవు. ప్రతి సదస్సూ తాను కూడిన జిల్లా మీద ఒక చిన్న పుస్తకం, వెనక మడతపెట్టిన పటంతో, ఆ టీచర్ల చేతే రాయించి అచ్చువేయాలి. ఈ స్మారక నిధి వడ్డీలో ఉపన్యాసకుడికిచ్చే పారితోషికం నాకొద్దు, మొదటి పుస్తకం కాగితం ఖర్చుకు జమ కట్టుకోండి.