బస్తర్ విలీనం కాకపోయి ఉంటే?

ప్రయోగశాలలో ఒక్క అంశాన్నే మార్చి, మిగిలినవన్నీ అలాగే ఉంచి ఫలితం చూస్తాం. చరిత్రను అలా తిరిగి నడిపించలేం. ఆలోచనలో మాత్రం నడిపించవచ్చు. నియమం ఒకటే: మార్చేది ఒక్కటే కావాలి.

అమెరికాలో 1781 నుంచి 13 రాష్ట్రాలను కలిపి ఉంచింది ఒక వదులైన ఒడంబడిక. ఉమ్మడి కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. కొత్త రాజ్యాంగాన్ని 1787లో రాశారు. 1788లో తొమ్మిదో రాష్ట్రం ఆమోదించాక అది ఖాయమైంది. రోడ్ ఐలాండ్ 1790లో రెండే రెండు ఓట్ల తేడాతో ఒప్పుకుంది. ఆమోదం దొరకకపోతే ఏమయ్యేదని అక్కడివారు నేటికీ తర్కించుకోవడంలో వింత లేదు.

అలాంటి ప్రశ్న గోదావరికి ఉత్తరాన, బస్తర్‌లోనూ ఉంది. ఓరుగల్లు కాకతీయుల వంశమని చెప్పుకునే ఆ సంస్థానానికి 1947లో 18 ఏళ్ల ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ రాజు. సంస్థానాలు మొదట సంతకం చేసిన చేరిక పత్రం ఢిల్లీకి ఇచ్చినవి మూడే అంశాలు: రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా సమాచార సాధనాలు. సొంత సుంకాలు రాజులకే మిగిలాయి. ఇదీ వదులు ముడే. ఆ డిసెంబరులో సర్దార్ పటేల్ నాగపూర్ వచ్చి పూర్తి విలీనం కోరారు. 1948 జనవరి 1న బస్తర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది.

అంత తొందర దేనికి? ఒక కారణం బైలాడీలా. ఎద్దు మూపురంలా కనిపించే ఆ కొండల్లో మేలు రకం హెమటైట్ ఉంది. దాని కౌలు కోసం నిజాం ప్రభుత్వం ప్రయత్నించిందని వి.పి. మీనన్ రాశారు.

ఇప్పుడు విలీనం ఒక్కటి తీసేద్దాం. కొండ కదలదు, సముద్రమూ కదలదు. హైదరాబాదుకు తీరం లేదు. ఖనిజం ఓడ ఎక్కాలంటే ఒరిస్సా మీదుగా విశాఖపట్నం చేరాలి. 1960లలో వేసిన కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం పట్టిందీ ఆ దారే. కౌలు ఒకరిది, సుంకం ఇంకొకరిది, రేవు మరొకరిది. పైగా 1948 సెప్టెంబరులో హైదరాబాదే భారతదేశంలో కలిసింది కదా, ఆ కౌలు నిలిచేది కాదు. నా అంచనాలో గని ఆలస్యమయ్యేది, ఆగేది కాదు.

అసలు తేడా మనుషుల విషయంలో. అమెరికాలో రాజ్యాంగాన్ని ఎన్నికైన సభలు చర్చించాయి (అక్కడి మూలవాసులను ఎవరూ అడగలేదు లెండి). బస్తర్‌లో రాజు సంతకం చాలింది. విలీనం వల్ల ఆదివాసులకు 1950 రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు దక్కింది. వారి భూమి చేతులు మారకుండా నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు వచ్చింది. విలీనం లేకుంటే అదంతా రాజు దయ. అయితే షెడ్యూలు ఉన్న బస్తర్‌లోనే 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులు జరిగాయి. ప్రవీర్ చంద్రతో పాటు ఆదివాసులూ మరణించారు.

కనుక మరో అంశాన్ని మార్చి చూడండి: సంతకానికి ముందు ఊళ్లను అడిగి ఉంటే? భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలన్న పెసా చట్టం 1996లో వచ్చింది. అప్పటికి కిరందుల్ గని తెరిచి 28 ఏళ్లు.