యానాం: గట్టుకు అవతలి చట్టం

ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన రాజుల వంశావళి కన్నా ఊళ్ల బతుకునే చరిత్రగా ఎంచినవారు. అందుకే నేనూ ఒక చిన్న ఊరినే విషయంగా తీసుకున్నాను. గౌతమీ గోదావరి నుంచి కోరంగి వైపు ఆత్రేయ పాయ చీలే చోట, కాకినాడకు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న యానాం అది. ఈ ఊరి గురించి మనవాళ్లు రెండు కథలు చెప్పుకుంటూ వస్తున్నారు. ఫ్రెంచివారు చేసిన ఊరు అన్నది మొదటిది. గోదావరి తల్లి పెంచిన ఊరు అన్నది రెండోది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయితే యానాన్ని ఊరుగా నిలబెట్టింది ఫ్రాన్సూ కాదు, గోదావరీ కాదు. దాని చుట్టూ గీసిన గీత నిలబెట్టింది. గీతకు ఇవతల ఒక చట్టం, అవతల ఇంకో చట్టం. ఆ తేడాయే రెండు వందల ఏళ్లకు పైగా యానాం వారి పొలమూ, రేవూ, పెట్టుబడీ అయింది. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఆధారాలతో చూద్దాం.

ముందు ఇరుగుపొరుగు ఊళ్లతో పోల్చి చూడాలి. యానాం పక్కనే ఇంజరం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1708లోనే అక్కడ గిడ్డంగి పెట్టి బట్టల వ్యాపారం సాగించింది. నీలపల్లిలోనూ కంపెనీ దొరలు కాపురమున్నారు. ఆ కిందనే కోరంగి ఉంది. ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ ఈ తీరమంతటా పేరుపడ్డ రేవు అది. బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు ‘కోరంగీలు’ అనే పిలిచారంటే ఆ రేవు ఎంత పెద్దదో ఊహించవచ్చు. ఫ్రెంచివారు యానాంలో 1723లో దిగారు. వ్యాపారం గిట్టక 1727లో వదిలిపోయి, 1742లో మళ్లీ వచ్చారు. అంటే ఆరంభంలో ఈ నాలుగు ఊళ్లలో అన్నిటికన్నా బలహీనం యానామే. నది అందరికీ ఒకటే, ఉప్పెన అందరికీ ఒకటే. 1839 నవంబరు తుపాను కోరంగిని తుడిచిపెట్టినప్పుడు యానాం కూడా మునిగింది. ఆ పైన నది మేట వేసింది, ఓడలు కాకినాడకు తరలిపోయాయి. ఇవాళ కోరంగి, ఇంజరం, నీలపల్లి తాళ్లరేవు మండలంలో గ్రామాలు. యానాం మాత్రం ఒక జిల్లా. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది ఉన్న పట్టణం. నదే ఊరిని పోషించి ఉంటే ఈ నాలుగూ కలిసి పెరగాలి, లేదా కలిసి తరగాలి. అలా జరగలేదు. మిగతా మూడింటికీ లేనిదీ, యానానికి మాత్రమే ఉన్నదీ ఆ సరిహద్దే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఆ గీతను గీసి కాపాడింది ఫ్రెంచివారే కదా, అప్పుడు ఊరిని ఫ్రాన్సే చేసినట్టు కాదా? చరిత్ర చూస్తే ఫ్రాన్సుకు గీతను కాపాడే శక్తి ఏనాడూ లేదు. 1758లో పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధంలో ఓడిన తరువాత ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి అధికారం పోయింది. ఆ తరువాత యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువారు యానాన్ని పట్టుకోవడం, సంధి కుదరగానే తిరిగి ఇచ్చేయడం రివాజైంది. చివరిసారి అప్పగించింది 1817లో. కోట లేదు, సైన్యం లేదు. గీతను నిలిపింది బలం కాదు, కాగితం. ఆ కాగితంలో ఏముందో చూస్తే ఇంగ్లీషువారి అసలు భయం బయటపడుతుంది. 1815 మార్చి ఒడంబడిక ప్రకారం ఫ్రెంచి స్థావరాల్లో తయారయ్యే ఉప్పు మీద హక్కును బ్రిటిషు ప్రభుత్వం తీసుకుంది. అందుకు బదులుగా ఫ్రాన్సుకు ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు చెల్లించడానికి ఒప్పుకుంది. దేశంలో పెద్ద భాగం చేతిలో ఉన్న ప్రభుత్వం ఐదు చిన్న ముక్కలకు భయపడి అంత సొమ్ము ఎందుకు ఇచ్చింది? ఉప్పు గుత్త తమ చేతిలో ఉండగా, గట్టుకు అవతల చవక ఉప్పు దొరికితే ఆ గుత్తకు చిల్లు పడుతుందని వారికి తెలుసు. గీత విలువను చరిత్రకారుల కన్నా ముందే ఉప్పు అధికారులు కట్టేశారు.

అన్నిటికన్నా బలమైన ఆధారం పెళ్లిళ్లు. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా బ్రిటిషు ఇండియాలో పెళ్లి చేస్తే నేరం. యానాంలో ఆ చట్టం లేదు. 1819 జనవరిలోనే ఫ్రెంచి ప్రభుత్వం భారతీయులకు వారి వారి కులాచారాల ప్రకారమే తీర్పు చెప్పాలని ఉత్తర్వు చేసి, ఆ మాట మీదే ఉండిపోయింది. దాంతో గోదావరి జిల్లాల నుంచీ, అంతకు మించిన దూరం నుంచీ పసిపిల్లలను చంకనెత్తుకుని పెళ్లివారు యానాం చేరుకున్నారు. ఊరికి ‘కల్యాణపురం’ అని పేరే పడిపోయింది. పెళ్లంటే పురోహితుడొక్కడే కాదు కదా. విడిది ఇళ్లు, మేళం, వంటవాళ్లు, పందిళ్లు, పూలు, బళ్లు, పడవలు, ఇన్ని చేతులకు పని దొరికింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన నేల ఇది. అదే నేల నుంచి యాభై ఏళ్ల తరువాత మంగళవాయిద్యాలతో బాల్యవివాహాలకు బయలుదేరి, ఒక గీత దాటితే చాలుననుకున్నారు. ఆ పెళ్లిళ్లలో పీటల మీద కూర్చున్న పిల్లలను ఎవరూ ఏమీ అడగలేదు. యానాం చరిత్రను ముచ్చటగా చెప్పుకునేవారు ఈ అధ్యాయాన్ని వినోదంగా దాటేస్తుంటారు. అది తగదు. గీత ఇచ్చిన బతుకుతెరువులో కొంత ఇతరుల బాల్యాన్ని తిని బతికింది. అయితే ఆ నేరం యానానిది మాత్రమే అనడం కూడా సరికాదు. వచ్చిన పెళ్లివారు మనవారు, ఆ సంకల్పం మన ఇళ్లలోది. అవతలి ఊరు చోటిచ్చింది, అంతే.

ఇంకొక అభ్యంతరం మరింత గౌరవనీయమైనది. ఫ్రెంచి పాలన యానానికి ఓటు హక్కు ఇచ్చింది, 1880లోనే పురపాలక సంఘం ఇచ్చింది, పుట్టుక చావుల నమోదు ఇచ్చింది, సమానత్వపు మాట వినిపించింది, వీటిని వదిలేసి వట్టి వ్యాపారపు లెక్క చెప్పడం న్యాయమా అని. పురపాలక సంఘం నిజమే. ఓటు కూడా నిజమే, కాకపోతే ఫ్రెంచి ఇండియా ఎన్నికల అక్రమాలు పారిస్ దాకా పాకిన అపఖ్యాతి. అదే పాలనలో 1828-29 ప్రాంతంలో రియూనియన్ దీవి చెరకు తోటలకు తెలుగు కూలీల తొలి జట్లు ఒప్పంద పత్రాల మీద ఓడెక్కింది కూడా యానాం నుంచే. సమానత్వం మాట ఆ కూలీలకు వినిపించిందో లేదో తెలిపే కాగితం ఏదీ ఇక్కడ లేదు. ఇక ఊరి సాంస్కృతిక జీవితం చూడండి, అది పుదుచ్చేరి వైపు కాదు, కాకినాడ, రాజమండ్రి వైపు తిరిగి ఉంది. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి చిన్ననాటి చదువు యానాంలో సాగింది. ఆ చదువులో తెలుగూ, సంస్కృతమూ ఉన్నాయి. యానాంలోని మీసాల వెంకన్న కోవెలకు వచ్చే భక్తులు గీతకు రెండు వైపులవారూ. అధికారపత్రం ఫ్రెంచి, బతుకు తెలుగు. రెంటికీ మధ్య ఉన్న ఆ సందులోనే ఊరు పెరిగింది.

1954 విమోచనను ఈ వాదం ఎలా వివరిస్తుందని అడగవచ్చు. గీతే బతుకైతే దాన్ని చెరపడానికి అక్కడివారే ఎందుకు పోరాడారు? స్వాతంత్ర్యం తరువాత ఏం జరిగిందో గమనించాలి. 1941 నుంచి బ్రిటిషు ఇండియాకూ ఫ్రెంచి స్థావరాలకూ మధ్య సుంకాల ఒడంబడిక ఉండేది. 1949లో అది రద్దయింది, కాపలా బిగిసింది. విదేశీ సరుకు కోసం యానాం మంగళవారం సంతకు చుట్టుపక్కల జనం వచ్చేవారు. కానీ ఊరికి బియ్యం, కూరగాయలు, కిరసనాయిలు ఇవతలి నుంచే పోవాలి. గీత సందుగా ఉన్నంతకాలం లాభం, గోడ అయితే ఉరి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచన వాదులు యానాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. దేశభక్తి అందులో ఉంది, కాదనను. అయితే 1953లోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. భాష ప్రకారం చూస్తే యానాం అందులో కలవాలి. ఫ్రెంచి స్థావరాల్లోనే ఒకటైన చంద్రనాగూరు బెంగాలులో కలిసిపోయింది. యానాం కలవలేదు. ప్రజల అభీష్టం తెలుసుకోకుండా ఈ స్థావరాల ప్రత్యేక పాలనను మార్చరాదని ఫ్రాన్సుతో చేసిన ఒప్పందంలోనే ఉంది. తన భాషవారు కొద్దిమందే ఉన్న పుదుచ్చేరితో, 800 కిలోమీటర్లకు పైబడిన దూరాన, యానాం ఉండిపోయింది. జెండా మారింది, గీత మిగిలింది.

మిగిలిన గీత మళ్లీ పని మొదలుపెట్టింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు యానాం దారులు ఎందుకు రద్దీ అయ్యాయో ఈ సభలో వివరించనక్కర్లేదు. పెట్రోలు ధర, మద్యం ధర, వాహనాల పన్ను తక్కువ కావడం, పీవై-04 నంబరు పలకలు, ఇవన్నీ 1815 నాటి ఉప్పు కథకు కొనసాగింపులే. ఇక సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేలకు ఒక శాసనసభ స్థానం, నేరుగా అందే నిధులు, ప్రభుత్వ ఆసుపత్రి, కళాశాలలు ఉన్నాయి. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి వచ్చాక కోనసీమకు దారి కూడా కలిసింది. ఇదంతా ఊరివారి తెలివితేటలనీ కష్టాన్నీ తీసిపారేయడమేనని అనుకోవద్దు. గీత ఇచ్చింది అవకాశం మాత్రమే. దాన్ని ప్రతి తరంలోనూ కొత్త సరుకుగా మార్చుకున్నది అక్కడివారే.

నా వాదంలో లోటు ఎక్కడుందో చెప్పి ముగిస్తాను. ఫ్రెంచి కాగితాలు ఫ్రాన్సులోనూ పుదుచ్చేరిలోనూ ఉన్నాయి, ఇంగ్లీషు కాగితాలు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన తెలుగు పరిశోధకులు అరుదు. యానాం పెళ్లిళ్ల సంగతి మాత్రం ఏ దఫ్తరంలోనూ కాక మన ఇళ్లలోనే ఉంది. 1930కి తరువాతి శుభలేఖలు, ఖర్చు పద్దులు, ఉత్తరాలు మీ అటకల మీద ఉంటే, వాటిలో ‘యానాం’ అన్న మాట కనిపిస్తే, పారేయకండి. దగ్గరలోని గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో ఒక నకలైనా అందజేయండి.