పట్నంలో ఒక్క రోజు



పట్నం పోవాలంటే ఇంకా భయమెందుకు? బస్సు బోర్డు చదవటం వచ్చింది కదా! తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు మాత్రం మరువకండి.

హైదరాబాదులో ముందు చార్మినార్ చూడండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. పక్కనే లాడ్ బజారు. లక్క గాజులు బేరమాడి కొనండి. చిల్లర లెక్క చూసుకోండి.

తరువాత మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. అక్కడొక పెద్ద గడియారం ఉంది. అందులోంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొడుతుంది. పిల్లలకు చూపించండి.

చీకటి పడకముందే బస్టాండు చేరాలి. ఏ బస్సని ఎవరినీ అడగక్కర్లేదు. మీ ఊరి పేరు మీరే చదివి ఎక్కండి. ఈసారి పోయేటప్పుడు పక్కింటి వదిననూ వెంట తీసుకుపోండి.